మూడు సెంటీమీటర్ల గుర్రం

ఆ చలికాలం క్లిఫ్డెన్ ఆఫీసులో నా పని
చేతుల్ని సెంటీమీటర్లు చెయ్యడం.
రేకు డబ్బాల్లో మూడువందల నలభై కార్డులు,
ఒక్కో కార్డులో ఒక్కో గుర్రం,
కిరసనాయిల్ హీటరు, తడి ఉన్ని వాసన,
మోచేతి పక్కన కొత్త క్యాలిక్యులేటరు.

చెయ్యి అంటే నాలుగు అంగుళాలు,
బొటనవేలిని కూడా కలుపుకున్న బెత్తెడు.
నేల నుంచి గుర్రం మూపు దాకా
ఎన్ని పడితే అంత ఎత్తు.
ఒక్కో చేతికి పది పాయింట్ ఒకటి ఆరు సెంటీమీటర్లని
మిసెస్ కినీలీ గోడకి అంటించి వెళ్లింది.
కార్డు మీద పద్నాలుగు, చుక్క, రెండు.
ఉన్నది ఉన్నట్టు నొక్కాను,
ఇంటూ నొక్కాను,
వచ్చింది రాశాను: నూట నలభై నాలుగు.
తర్వాతి కార్డు.
మధ్యాహ్నానికి అరవై గుర్రాలు.
పంతొమ్మిదేళ్లు నాకు.
నా అంత చురుకైన పిల్ల ఊళ్లో లేదనుకున్నాను.

మార్చిలో వచ్చాడు ఫెస్టీ మానియన్,
రౌండ్‌స్టోన్ అవతలి నుంచి, వానలో, సైకిలు మీద.
కోటులోంచి ఒక సంచి, సంచిలోంచి ఇంకో సంచి,
అందులోంచి పొడి పొడిగా కార్డు.
"మా లియా కుంగిపోయిందమ్మా" అన్నాడు.
"కొనడానికొచ్చిన జర్మనీ ఆయన
డబ్బు చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.
కొలబద్ద చూస్తాడు, కాగితం చూస్తాడు,
ఇది ఆ గుర్రం కాదంటాడు.
మూడు సెంటీమీటర్లు తేడా.
ఆ మూడు సెంటీమీటర్ల గుర్రాన్ని
ఎక్కడ పెట్టావు, అట్రాక్టా?"

లెక్క సరిగ్గానే ఉందని
క్యాలిక్యులేటరు ఆయన వైపు తిప్పాను.
ఆయన దాన్ని చూడలేదు.
మోకాళ్లు కీచుమంటుండగా కిందికి వంగి
కుడిచెయ్యి అడ్డంగా నేలకి ఆనించాడు.
దాని మీద ఎడమ. దాని మీద మళ్లీ కుడి.
ఒకటి, రెండు, మూడు...
లేని గుర్రం పక్కన మెల్లగా లేస్తూ వచ్చాడు.
తొమ్మిది దగ్గర ఎవరినో అదిలించాడు,
"కదలకే!" అని. నన్ను కాదు.
పద్నాలుగుకి నిలబడి ఉన్నాడు,
చెయ్యి భుజం దగ్గర, ఊపిరి ఎగపోస్తూ.
"ఇప్పుడు రెండు. రెండంటే అంగుళాలు.
మూడు దాటితే నాలుగు రాదమ్మా, ఇంకో చెయ్యి వస్తుంది.
ఆ చుక్క అవతల పదులు ఉండవు.
నాలుగులే."

యాభై ఎనిమిది అంగుళాలు.
నూట నలభై ఏడు, కాస్త పైన.
నేను తప్పు కొట్టేసి దిద్దుతుంటే
సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు ఆయన.

వెళ్లాక చూస్తే
ఆనుకున్న చోట కౌంటరు మీద తడి చెయ్యి.
ఎవరూ లేరని చూసుకుని స్కేలు పెట్టాను.
పదకొండు ఉంది.
అంచుల నుంచి ఆరుకుంటూ వస్తోంది.
పది పాయింట్ ఒకటి ఆరు దగ్గర ఆగిందో లేదో
తెలీదు, రెప్ప వేశాను.

వారం రోజులు రాత్రిళ్లు కూర్చున్నాను.
పక్కన సున్నా ఉన్నవే బతికాయి,
మిగతావన్నీ నేను కుంగదీసినవే.
ఒకటి ఉన్నదాన్ని ఒకటిన్నర,
మూడు ఉన్నదాన్ని నాలుగున్నర.
కొన్ని అప్పటికే చచ్చిపోయాయి.
వాటినీ దిద్దాను.
చచ్చినదాని ఎత్తు ఎవరడుగుతారని
మిసెస్ కినీలీ టీ పెడుతూ గొణిగింది.

ఆఖరి డబ్బాలో ఒకటి,
ఓమీ ద్వీపం, బార్బ్రా కోయిన్, మచ్చల మగగుర్రం.
పద్నాలుగు, మూడు.
నా తప్పులెక్కలో నూట నలభై అయిదు.
ఒప్పులెక్కలో నూట యాభైకి వెంట్రుకవాసి తక్కువ.
నూట నలభై ఎనిమిది దాటితే
మా రిజిస్టరులో చోటు లేదు.
అంతకుముందు ఎవరు కళ్లు మూసుకున్నారో మరి.
సముద్రం వెనక్కి తగ్గినప్పుడు
ఇసుక దాటించి ఆవిడ సరుకులు మోసే గుర్రం అది.
కలం మూత తీశాను.
రకం అన్న గడిలో ఎవరో గుండ్రంగా రాసి ఉన్నారు: పోనీ.

పోనీ, అనుకున్నాను.